నడకతో కరిగేది ఎంత? నాలుకతో చేరేది ఎంత?

తెల్లవారుజామున ఏ పట్టణంలోని పార్కుకు వెళ్ళి చూచినా నడకకు వచ్చినవారు బారులు తీరి కనిపిస్తారు. వారిలో అధికభాగం స్థూలకాయంతో బాధపడుతున్నవారే. వైద్యుడు చెప్పగా కొందరు, అద్దం చెప్పగా మరికొందరు ఈ దీక్ష చేపడతారు. నెల గడుస్తుంది, రెండు నెలలు గడుస్తాయి. తూకపు యంత్రం ముల్లు మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. అప్పుడు నిరాశ ఆవరిస్తుంది. “మంచినీళ్ళు త్రాగినా ఒళ్ళు చేసే తత్త్వం మాది” అని నిట్టూర్చి నడక మానివేస్తారు. ఇంకొందరు పత్రికలలోని ప్రకటనలు చూచి, నెలకు పది కిలోలు తగ్గిస్తామనే చూర్ణాలకు, గుళికలకు డబ్బు పోసి, ఉన్న ఆరోగ్యాన్ని కూడా చెడగొట్టుకుంటారు.

ఈ నిరాశకు ముఖ్యకారణం శరీరతత్త్వం కాదు, లెక్క తెలియకపోవడం. ఇంటి ఖర్చులు పైసలతో సహా పద్దుపుస్తకంలో వ్రాసుకొనే ఇల్లాలు సైతం తన శరీరపు రాబడి, ఖర్చుల విషయంలో ఊహలపైనే ఆధారపడుతున్నది. నడక వలన ఎంత కరుగుతుంది, నాలుక వలన ఎంత చేరుతుంది అనే రెండు విషయాలు స్పష్టంగా తెలిసికొన్నవారికి బరువు తగ్గడం బ్రహ్మవిద్యేమీ కాదు. ఆ లెక్కను ఈ వ్యాసంలో వివరంగా పరిశీలిద్దాం.

కేలరీ అనగా నేమి?

దూరాన్ని కిలోమీటర్లలోను, బియ్యాన్ని కిలోలలోను కొలిచినట్లే ఆహారంలోని శక్తిని కేలరీలలో కొలుస్తారు. ఒక కిలో నీటి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ సెంటీగ్రేడు పెంచడానికి కావలసిన వేడిని ఆహారశాస్త్రంలో ఒక కేలరీ అంటారు. శాస్త్రజ్ఞులు దీనినే కిలోకేలరీ అని కూడా వ్యవహరిస్తారు.

ప్రాణులు శ్వాసించడం కూడా ఒకవిధమైన దహనమేనని 1780వ దశకంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవోజియే నిరూపించాడు. మంచుతో చుట్టిన పాత్రలో గినీపందిని ఉంచి, దాని శరీరపు వేడికి ఎంత మంచు కరుగుతున్నదో కొలిచి ఆయన ఈ విషయాన్ని కనుగొన్నాడు. ఆ తరువాత నూరేళ్ళకు, 1890వ దశకంలో, అమెరికాకు చెందిన ఆట్‌వాటర్ అనే శాస్త్రజ్ఞుడు మనిషి ఉండదగినంత గదిని నిర్మించి, అందులోని వ్యక్తి తిన్న ఆహారపు శక్తిని, వెలువరించిన వేడిని సరిపోల్చాడు. రెండూ దాదాపు సమానమని తేలింది. మనం పొయ్యిలో పెట్టిన కట్టె వలెనే, తిన్న అన్నం కూడా లెక్క తప్పదన్నమాట.

పిండిపదార్థాలలో గాని, మాంసకృత్తులలో గాని గ్రాముకు సుమారు 4 కేలరీల శక్తి ఉంటుంది. నూనె, నెయ్యి మొదలైన క్రొవ్వుపదార్థాలలో గ్రాముకు 9 కేలరీలు ఉంటాయి. శరీరానికి ఆనాటి ఖర్చుకు మించి చేరిన శక్తి ఏ రూపంలో వచ్చినా సరే, అధికభాగం క్రొవ్వుగా మారి నిలువ ఉంటుంది. ఒక కిలో శరీరపు క్రొవ్వు సుమారు 7,700 కేలరీలకు సమానం. ఈ అంకెను పాఠకులు గుర్తుంచుకొనవలెను. తరువాతి లెక్కలన్నీ దీనిపైననే ఆధారపడి ఉన్నాయి.

ప్రాచీనులు చెప్పినది

కేలరీ అనే మాట లేకపోయినా ఈ రాబడి ఖర్చుల సూత్రం మన ఆయుర్వేదాచార్యులకు తెలియనిది కాదు. చరకసంహిత సూత్రస్థానంలోని ఇరవైయొకటవ అధ్యాయంలో స్థౌల్యానికి కారణాలు వివరింపబడినవి. అతిగా భుజించుట, గురువైన, మధురమైన, శీతలమైన, స్నిగ్ధమైన ఆహారాన్ని సేవించుట, వ్యాయామం చేయకుండుట, పగటినిద్ర, ఏ చింతా లేకుండా నిత్యం హర్షంతో ఉండుట అందులో ముఖ్యమైనవి. వీటితోపాటు బీజస్వభావాన్ని, అనగా తల్లిదండ్రుల నుండి సంక్రమించే తత్త్వాన్ని కూడా చరకుడు పేర్కొన్నాడు. కనుక వంశపారంపర్యం కొంత ఉన్నమాట నిజమే. అయితే అది అనేక కారణాలలో ఒకటి మాత్రమే.

అతిస్థూలునికి కలిగే ఎనిమిది దోషాలను కూడా చరకుడు లెక్కించాడు. ఆయుఃక్షీణత, చురుకుదనం తగ్గుట, దుర్బలత్వం, అధికస్వేదం, దుర్గంధం, అతిగా ఆకలి, అతిగా దప్పిక, దాంపత్యసుఖంలో ఇబ్బంది అనేవి ఆ ఎనిమిది. ఇందులో అతిగా ఆకలి అనే లక్షణాన్ని గమనించవలెను. మేదస్సుచే మార్గాలు నిరోధింపబడగా వాయువు కోష్ఠంలోనే సంచరిస్తూ జఠరాగ్నిని రగిలిస్తుందని, అందువలన తిన్నది త్వరగా జీర్ణమై మరల ఆహారం మీదికి మనస్సు పోతుందని ఆయన వివరణ. లావుగా ఉన్నవారికి నిలువ ధనం ఉన్నది గనుక ఆకలి తక్కువగా ఉండాలి కదా అని మనమనుకుంటాం. వాస్తవం దానికి విరుద్ధమని ఆయన ఏనాడో గుర్తించాడు.

ఒక ఇల్లాలి జమాఖర్చులు

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసికొందాం. నలభైరెండు సంవత్సరాల గృహిణి. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 72 కిలోలు అనుకుందాం. ఆమె రోజంతా మంచం మీద పడుకొని ఉన్నా గుండె కొట్టుకొనుటకు, శ్వాసకు, మెదడు, కాలేయం, మూత్రపిండాలు పనిచేయుటకు సుమారు 1,300 కేలరీలు ఖర్చవుతాయి. ఆహారం జీర్ణం కావడానికి, ఇంటిపనికి కలిపి మరో 500 కేలరీలకు పైగా అవుతాయి. వెరసి రోజుకు సుమారు 1,850 కేలరీలు. ఇది ఆమె ఖర్చు.

ఆమె ప్రతి ఉదయం అరగంట సేపు, గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిచినదనుకుందాం. ఆ అరగంటలో సుమారు 125 కేలరీలు ఖర్చవుతాయి. ఇందులో ఆ సమయంలో ఆమె కూర్చొని ఉన్నా ఖర్చయ్యే 40 కేలరీలు కలిసి ఉన్నాయి. అవి తీసివేస్తే నడక వలన కలిగిన అదనపు ఖర్చు సుమారు 85 కేలరీలు. 7,700 కేలరీలను ఈ 85 చేత భాగించి చూడండి. ఆహారంలో ఏ మార్పూ చేయక కేవలం ఈ నడక వలన ఒక కిలో తగ్గడానికి మూడు నెలలు పడుతుంది!

అది కూడా ఆమె నడక తరువాత ఏమీ అదనంగా తీసికొననప్పుడు మాత్రమే. నడిచి వచ్చిన అలసట తీరడానికి రెండు చెంచాల చక్కెరతో ఒక కాఫీ, రెండు బిస్కెట్లు అదనంగా తీసికొంటే సుమారు 130 కేలరీలు చేరుతాయి. అరగంట చెమటోడ్చి ఖర్చు చేసినదంతా ఐదు నిమిషాలలో వడ్డీతో సహా తిరిగి జమ అయినది. నెలన్నర నడచినా ముల్లు కదలకపోవడంలోని రహస్యం ఇదే. ఇందులో ఆమె సోమరితనం లేదు, తత్త్వదోషం లేదు. లెక్క మాత్రమే ఉన్నది.

వంటింట్లో దాగిన కేలరీలు

“మేము తినేది చాలా తక్కువ” అని చెప్పేవారు అబద్ధం చెప్పడం లేదు. పళ్ళెంలో కనిపించే అన్నాన్ని వారు లెక్కిస్తారు. కనిపించని వాటిని లెక్కించరు. వంటింటిని ఒకసారి పరిశీలిద్దాం.

నూనె: నలుగురున్న ఇంట్లో నెలకు 5 లీటర్ల నూనె ఖర్చవుతున్నదనుకుందాం. మనిషికి రోజుకు సుమారు 38 గ్రాములు, అనగా 340 కేలరీలు కేవలం నూనె ద్వారా లభిస్తున్నాయి. అదే 3 లీటర్లకు తగ్గిస్తే తలకు 205 కేలరీలే అవుతాయి. ఎవరి పళ్ళెంలోను అన్నం తగ్గకుండానే ఒక్కొక్కరికి రోజుకు 135 కేలరీలు తగ్గుతాయి. ఇది మన ఇల్లాలి నడక కంటె ఎక్కువ. నూనె సీసా వంచి పోయడం మాని చెంచాతో కొలిచి పోయడం, వేపుడు కూరల స్థానంలో ఇగురు కూరలు, ఆవపెట్టిన కూరలు, పప్పుకూరలు వండడం దీనికి సులువైన మార్గాలు.

చక్కెర: చెంచాడు చక్కెరలో 20 కేలరీలు ఉంటాయి. రోజుకు మూడు కాఫీలలో రెండేసి చెంచాలు వేసికొనేవారికి 120 కేలరీలు చేరుతాయి. బెల్లం ఆరోగ్యకరమని తలచి చక్కెర స్థానంలో అదే పరిమాణంలో వాడినందువలన బరువు విషయంలో చెప్పుకోదగిన లాభం లేదు.

మిగిలినవి: ఇది ప్రత్యేకించి తల్లులకు సంబంధించిన విషయం. పిల్లవాడు వదలిన నాలుగు ముద్దల పప్పన్నం, గిన్నెలో అడుగున మిగిలిన కూర, పారవేయడానికి మనసొప్పని రెండు ఇడ్లీలు ఎవరి కడుపులోకి చేరుతున్నాయి? అన్నం పరబ్రహ్మస్వరూపమన్న భావన ఉత్తమమైనదే. అయితే ఆకలి లేని కడుపులో వేసిన అన్నం కూడా వృథా అయినట్లే. కొలత ప్రకారం వండడం, మిగిలితే మరొకరికి పెట్టడం దీనికి పరిష్కారం.

పలహారం: శనివారమో ఏకాదశియో రాత్రి అన్నం మాని పలహారం చేసేవారు చాలామంది. “రాత్రిపూట అన్నం మానివేశాను, అయినా తగ్గడం లేదు” అని వాపోతుంటారు. 100 గ్రాముల బియ్యంలోను, 100 గ్రాముల గోధుమపిండిలోను శక్తి దాదాపు సమానమే. రెండింటిలోను సుమారు 340 కేలరీలు. సగ్గుబియ్యమూ ఇంచుమించు అంతే. అన్నం స్థానంలో నూనెతో కాల్చిన నాలుగు చపాతీలు, పూరీలు, జీడిపప్పు వేసిన ఉప్మా తీసికొంటే ఉపవాసం రోజున మామూలు రోజు కంటె ఎక్కువ కేలరీలు చేరినా ఆశ్చర్యం లేదు.

చిరుతిండి: 30 గ్రాముల జంతికలలో సుమారు 150 కేలరీలు ఉంటాయి. గుప్పెడు వేరుశనగపప్పులలోను అంతే. వేరుశనగ పోషకాహారమే. అయితే టెలివిజన్ ముందు డబ్బా పెట్టుకొని కూర్చుంటే గుప్పెడుతో ఆగదు.

పైవాటిలో మన ఇల్లాలు నూనె తగ్గించినందువలన 135, చక్కెర సగానికి తగ్గించినందువలన 60, మిగిలినవి తినడం మానినందువలన 90, జంతికలు రోజు విడిచి రోజు తిన్నందువలన 75 కేలరీలు, మొత్తం 360 కేలరీలు తగ్గించినదనుకుందాం. దీనికి నడక 85 కలిపితే 445. ఇప్పుడు 7,700ను భాగించి చూడండి. పదిహేడు, పద్దెనిమిది రోజులకు ఒక కిలో! ఏ పూటా పస్తు లేదు, ఏ మందూ లేదు.

గురువు, కాని అపతర్పణం

కేలరీలు తగ్గించాలంటే ఆకలితో మాడవలసినదేనా? ఇక్కడ చరకుని చికిత్సాసూత్రం మనకు దారి చూపుతుంది. స్థూలునికి ఇవ్వవలసిన ఆహారం గురువుగా ఉండవలెను, కాని అపతర్పణం చేయునదిగా ఉండవలెనని ఆయన సూచన. అనగా కడుపులో నిలిచి తీక్ష్ణమైన ఆకలిని శాంతింపజేయవలెను, కాని మేదస్సును పెంచకూడదు. యవలు, పెసలు, ఉలవలు వంటివి ఆయన పేర్కొన్న ఆహారద్రవ్యాలు.

నేటి ఆహారశాస్త్రం కూడా ఇదే చెబుతున్నది. సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, దోసకాయ వంటి కూరగాయలలో 100 గ్రాములకు 20 కేలరీలకు మించి ఉండవు. రెండు చిన్న చెంచాల నూనెలో ఉన్న శక్తి అరకిలో కూరగాయలలో ఉన్నంత! పీచుపదార్థం, నీరు అధికంగా ఉన్న కూరలు, ఆకుకూరలు, పొట్టుతో కూడిన పప్పుధాన్యాలు కడుపు నింపుతాయి, కేలరీలు తక్కువ ఇస్తాయి. పప్పుధాన్యాలు, మజ్జిగ, పెరుగు, మాంసాహారులైతే గుడ్డు, చేప ద్వారా లభించే మాంసకృత్తులు ఆకలిని ఎక్కువసేపు అదుపులో ఉంచి, కండరాలు క్షీణించకుండా కాపాడతాయి.

మన తెలుగువారి భోజనపద్ధతిలో పప్పన్నం, కూరన్నం, పులుసన్నం, పెరుగన్నం అని నాలుగు విడతలు ఉంటాయి. ప్రతి విడతకు విడిగా అన్నం వడ్డించుకొన్నందువలన మొత్తం ఎంత తిన్నామో తెలియదు. ముందుగానే ఒక కొలత ప్రకారం అన్నం పళ్ళెంలో పెట్టుకొని దానినే నాలుగు భాగాలు చేసికొనండి. కూర మాత్రం రెట్టింపు పెట్టుకొనండి. ఏ రుచీ వదులుకోనవసరం లేదు, కొలత మాత్రం దాటరు. ఏ పదార్థంలో ఎంత శక్తి ఉన్నదో తెలిసికోదలచిన వారికి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహారపదార్థాల పోషక విలువల పట్టికలు ఎంతో ఉపయోగిస్తాయి.

పస్తులు ఎందుకు ఫలించవు?

అలాగైతే తిండి పూర్తిగా మానివేస్తే మరింత త్వరగా తగ్గవచ్చు కదా అని కొందరికి సందేహం కలుగవచ్చు. శరీరం కూడా ఒక జాగ్రత్తగల గృహిణి వంటిదే. రాబడి తగ్గితే తానూ ఖర్చు తగ్గించుకుంటుంది.

రెండవ ప్రపంచయుద్ధం చివరిరోజులలో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, వారి అంగీకారంతో, 24 వారాలపాటు అర్ధాకలి భోజనం పెట్టి పరిశీలించాడు. వారి బరువు నాలుగవ వంతు తగ్గింది. దానితోపాటు విశ్రాంతిలో శరీరం ఖర్చుచేసే శక్తీ బాగా తగ్గిపోయింది. వారు ఎప్పుడూ చలితో వణికేవారు. ఏ పనియందూ ఉత్సాహం లేక, నిరంతరం తిండి గురించే ఆలోచించేవారు. ఆంక్ష తొలగిన పిమ్మట ఎంత తిన్నా తృప్తి లేక, పోయిన క్రొవ్వును వేగంగా తిరిగి సంపాదించుకొన్నారు. అమెరికాలో ఒక టెలివిజన్ పోటీలో అతివేగంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తరువాత పరీక్షించగా, వారి శరీరాలు అదే పరిమాణంగల ఇతరుల కంటె రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తున్నట్లు 2016లో వెల్లడైంది. వారిలో అధికులు తగ్గిన బరువులో చాలాభాగం తిరిగి పెరిగారు.

నెమ్మదిగా తగ్గినా ఖర్చు కొంత తగ్గక తప్పదు. మన ఇల్లాలు 72 కిలోల నుండి 60 కిలోలకు చేరినదనుకుందాం. చిన్న బండికి ఇంధనం తక్కువ పట్టినట్లే ఆమె దినసరి ఖర్చు సుమారు 170 కేలరీలు తగ్గుతుంది. మొదట పద్దెనిమిది రోజులకు కిలో చొప్పున తగ్గినది తరువాత నెలకు కిలో చొప్పున తగ్గి, ఒకచోట ఆగవచ్చు. అది ఓటమి కాదు. రాబడి, ఖర్చు మరల సమానమైనవని మాత్రమే దాని అర్థం. అక్కడ మరల లెక్క చూచుకొనవలెను.

నడివయస్సులో శరీరం మందగించినందువలన లావయ్యామని చాలామంది భావిస్తారు. 2021లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురితమైన బృహత్పరిశోధన ప్రకారం, శరీరపరిమాణాన్ని దృష్టిలో ఉంచుకొని చూస్తే ఇరవై నుండి అరవై ఏళ్ళ వరకు ఈ ఖర్చు దాదాపు స్థిరంగానే ఉంటుంది. మారినది మన కదలిక, కండరబలం. రుబ్బురోలు మూలకు చేరింది, నూతిలో చేద పడడం మానింది, బట్టలు యంత్రం ఉతుకుతున్నది. పళ్ళెం పరిమాణం మాత్రం అమ్మమ్మ కాలం నాటిదే!

మరి వ్యాయామం ఎందుకు?

ఇంతవరకు చదివినవారు “నడకతో మూడు నెలలకు ఒక కిలో అయితే ఇక నడవడం దేనికి?” అని అడుగవచ్చు. వ్యాయామాన్ని తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. దాని పని ఏమిటో సరిగా తెలియజేయడమే ఉద్దేశం.

మొదటిది, వ్యాయామం తగ్గిన బరువును నిలుపుతుంది. అమెరికాలో 1994లో ప్రారంభమైన ఒక జాబితాలో, 13 కిలోలకు పైగా తగ్గి కనీసం ఏడాదిపాటు మరల పెరగకుండా నిలుపుకొన్న వేలాదిమంది వివరాలు నమోదయ్యాయి. వారిలో అత్యధికులు రోజుకు సగటున గంటసేపు వ్యాయామం చేసేవారే. బరువు తగ్గేది ప్రధానంగా పళ్ళెంలో, నిలిచేది నడకలో అని చెప్పవచ్చు.

రెండవది, ఆహారం మాత్రమే తగ్గించినవారికి క్రొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. వ్యాయామం కండను కాపాడుతుంది. మూడవది, పొట్టలోపలి అవయవాలను చుట్టుకొని ఉండే క్రొవ్వును వ్యాయామం ప్రత్యేకంగా తగ్గిస్తుంది. మధుమేహం, రక్తపోటు, హృద్రోగాలకు మూలం ఈ లోపలి క్రొవ్వే. ముల్లు కదలకపోయినా నడుము కొలత తగ్గడానికి కారణం ఇదే. కనుక నడచినవారి శ్రమ ఎన్నడూ వృథా కాదు. భారతీయులలో పురుషులకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకుండుట క్షేమకరం.

ఎంత చేయవలెను?

వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలో వ్యాయామం వలన శరీరానికి తేలికదనం, పనిచేసే సామర్థ్యం, జఠరాగ్నిదీప్తి, మేదఃక్షయం కలుగుతాయని చెప్పి, బలవంతులు సైతం చలికాలంలోను, వసంతంలోను తమ శక్తిలో సగం మేరకే చేయవలెనని, ఇతర కాలాలలో అంతకంటె తగ్గించవలెనని నియమం పెట్టాడు. అర్ధశక్తిని గుర్తించే ఉపాయం సుశ్రుతుడు చెప్పాడు. శ్వాస నోటిద్వారా ఆడడం మొదలైతే శక్తిలో సగం వినియోగమైనట్లు. నేటి వైద్యులు చెప్పే కొలత కూడా దీనికి దగ్గరగానే ఉన్నది. నడిచేటప్పుడు మాటలాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అతివ్యాయామం వలన దప్పిక, ఆయాసం, దగ్గు, జ్వరం మొదలైనవి కలుగుతాయని కూడా పూర్వులు హెచ్చరించారు.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దలు వారానికి 150 నుండి 300 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయవలెను. వారానికి రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం కూడా అవసరం. దీనికి వ్యాయామశాలకు వెళ్ళనవసరం లేదు. కుర్చీలో కూర్చొని చేతుల సాయం లేకుండా పదిమార్లు లేచి కూర్చొనుట, గోడకు అరచేతులు ఆనించి ముందుకు వంగి వెనుకకు నెట్టుట, నీటిసీసాలు పట్టుకొని చేతులు పైకెత్తుట, అలవాటున్నవారు సూర్యనమస్కారాలు చేయుట చాలును.

భోజనానంతరం నూరడుగులు నడవమన్న పెద్దల మాట ఎంతో విలువైనది. పది, పదిహేను నిమిషాల మెల్లని నడక భోజనం తరువాత రక్తంలో చక్కెర పెరుగుదలను తగ్గిస్తుంది. పొట్ట తగ్గడానికి కేవలం పొట్ట వ్యాయామాలు చేసేవారు ఒక విషయం గమనించవలెను. ఏ భాగాన్ని కదిలిస్తే ఆ భాగంలోని క్రొవ్వే కరగదు. క్రొవ్వు ఒంటినిండా నిలువ ఉన్న ధనం. ఎక్కడినుండి తీయవలెనో శరీరమే నిర్ణయించుకుంటుంది.

గృహవైద్యం: ఏది ఎంతవరకు?

తేనె, నిమ్మరసం: ఉదయమే వేడినీటిలో తేనె కలిపి త్రాగితే క్రొవ్వు కరుగుతుందని ప్రచారం ఉన్నది. స్థౌల్యంలో తేనెనీటిని చరకుడు చెప్పిన మాట నిజమే. అయితే వేడితో తేనె కలియరాదని ఆయుర్వేదమే నిషేధించినది. చెంచాడు తేనెలో సుమారు 20 కేలరీలు ఉన్నాయి. చక్కెర కాఫీ మాని గోరువెచ్చదనం కూడా తగ్గిన నీటిలో ఒక చెంచా తేనె తీసికొంటే మేలు. కాఫీకి అదనంగా తీసికొంటే ఫలితం లేదు. మధుమేహరోగులు దీనిని మానుట మంచిది.

పలుచని మజ్జిగ: వెన్న తీసిన మజ్జిగలో నీరు ఎక్కువగా కలిపి, అల్లం, కరివేపాకు, కొద్దిపాటి ఉప్పు వేసి సాయంత్రం చిరుతిండి సమయంలో తీసికొనండి. కడుపు నిండుతుంది, కేలరీలు స్వల్పం.

ఉలవలు: ఉలవకట్టు, ఉలవగుగ్గిళ్ళు మంచివి. విందులలో వడ్డించే ఉలవచారుపై వేసే వెన్న, మీగడ మాత్రం మొత్తం ప్రయోజనాన్ని చెరిపివేస్తాయి.

ఉద్వర్తనం: సున్నిపిండితో ఒళ్ళు రుద్దుకొనుట చర్మానికి, రక్తప్రసరణకు మంచిది. స్థూలశరీరులలో చెమట, దుర్గంధం తగ్గుతాయి. క్రొవ్వును కరిగించే పని మాత్రం దానితో సాధ్యం కాదు.

నిద్ర: పగటినిద్ర మేదస్సును పెంచుతుందన్నారు. భోజనం కాగానే పడుకొనే అలవాటు మానవలెను. రాత్రినిద్ర మాత్రం తగ్గించకూడదు. చరకుడు స్థూలునికి జాగరణను సూచించినప్పటికీ, నిద్ర చాలనివారికి ఆకలి పెరిగి ఎక్కువ తింటారని నేటి పరిశోధనలు స్పష్టం చేస్తున్నాయి. ఏడు గంటల నిద్ర అవసరం.

ఈ జాగ్రత్తలు మరువకండి

“పూర్తిగా మూలికలతో చేసినవి, నెలకు పది కిలోలు గ్యారంటీ” అనే చూర్ణాలను నమ్మకండి. ఇటువంటి పొడులలో సిబుట్రమిన్ అనే మందును రహస్యంగా కలిపిన సందర్భాలు అనేక దేశాలలో బయటపడ్డాయి. గుండెపోటుకు, పక్షవాతానికి దారితీసే ఆ మందును మన దేశంలో 2011లో నిషేధించారు. గుగ్గులు వంటి నిజమైన ఔషధాలను కూడా వైద్యుని సలహా లేనిదే వాడరాదు.

మధుమేహానికి ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడుతున్నవారు ఆహారం తగ్గించేముందు వైద్యుని సంప్రదించవలెను. మందు అంతే ఉండి ఆహారం తగ్గితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. గర్భిణులు, పాలిచ్చు తల్లులు బరువు తగ్గే ప్రయత్నం స్వయంగా చేయరాదు. అకారణంగా బరువు పెరుగుట, అతినీరసం, ముఖం ఉబ్బుట, నెలసరి క్రమం తప్పుట ఉన్నవారు థైరాయిడు మొదలైన పరీక్షలు చేయించుకొనవలెను. నడిచేటప్పుడు ఛాతీలో నొప్పి, బిగువు కలిగితే వెంటనే నడక ఆపి వైద్యుని చూడండి.

ప్రతిదినం బరువు చూచుకొని కలతపడవద్దు. ఉప్పు, నీరు, మలబద్ధకం, నెలసరి వలన ఒకటి రెండు కిలోల తేడా సహజంగానే వస్తుంది. వారానికొకసారి, ఒకే సమయంలో, పరగడుపున చూచి వ్రాసుకొనండి. నెలకొకసారి నడుము కొలవండి.

ఈ రోజే వంటింట్లోకి వెళ్ళి, ఇంటికి నెలకు ఎంత నూనె, ఎంత చక్కెర వస్తున్నదో కిరాణా పద్దు తీసి చూడండి. దానిని మనుషుల సంఖ్యచే, ముప్పై రోజులచే భాగించండి. వచ్చిన అంకె ప్రక్కన మీ నడక నిమిషాలు వ్రాయండి. ఆ రెండు అంకెలు ఎదురెదురుగా కనిపించిన తరువాత, తప్పు మీ తత్త్వానిదా, లెక్కదా అన్నది ఎవరూ చెప్పనవసరం లేకుండానే మీకు తెలుస్తుంది. తత్త్వాన్ని మార్చడం ఎవరి తరమూ కాదు. లెక్కను సరిచేసికొనడం మాత్రం మన చేతిలోనే ఉన్నది.